శకటుకు కనపడని మూల

ఆదివారం చదరంగం క్లబ్బు ఆట, తొమ్మిదో వారం. తెల్లపావులు నావి. చెరి 30 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. ఎదురుగా రిటైరైన బ్యాంకు ఉద్యోగి. ఇంతకుముందు ఆయన చేతిలో రెండుసార్లు ఓడాను. ఈసారి డ్రా. అర పాయింటు వచ్చిందన్న సంతోషం మాత్రం లేదు.

ఇటాలియన్ ఓపెనింగ్ గురించి రాయడానికి ఏమీ లేదు. మంత్రుల మార్పిడి 19వ ఎత్తులోనే అయిపోయింది, ఏనుగులు 40 దాటకముందే వెళ్లిపోయాయి. 52వ ఎత్తు నాది. నా రాజు ఎఫ్4 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), శకటు (బిషప్) డి3, బంట్లు జి4, హెచ్4. ఆయన రాజు జి7, గుర్రం ఎఫ్6. అంతే, బోర్డంతా ఖాళీ. రెండు బంట్లు ఎక్కువున్నాయన్న ధీమాతో హెచ్ బంటును ఐదో వరుసకు తోశాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, గుర్రంతో జి4 బంటును కొట్టారు. పాపం, పొరపాటు చేశారనుకుంటూ రాజుతో గుర్రాన్ని తీసేశాను.

ఆయన రాజు నింపాదిగా హెచ్8కు చేరాడు. నా శకటు తిరిగేది తెల్లగళ్లలో. హెచ్8 నల్ల గడి. బంటు మంత్రి కావాల్సిన చోటే శకటుకు పట్టు లేదు! మొండిగా 67వ ఎత్తు దాకా లాగాను. నా రాజు జి6, బంటు హెచ్6, శకటును ఇ6లో పెట్టగానే ఆయన రాజుకు చెక్ లేదు, కదిలే గడీ లేదు. స్టేల్‌మేట్, అంటే డ్రా.

“మీ శకటుకు ఆ మూల కనపడదండీ” అన్నారు, స్కోరుషీటు మీద సంతకం చేస్తూ.

ఇంటికొచ్చి పావులు మళ్లీ పేర్చాను. తోయాల్సింది జి బంటును. జి5 ఆడితే గుర్రం హెచ్5కు దూకి చెక్ ఇస్తుంది, నా రాజు జి4కు వస్తాడు, ఇక గుర్రానికి దారి లేదు: ఎఫ్4, జి3 నా రాజు కాపలాలో, ఎఫ్6 బంటు కాపలాలో, జి7లో సొంత రాజే అడ్డం. గుర్రం డి7కు తగ్గితే మాత్రం చాలా శ్రమ ఉంది. ఫోనులో ఇంజిన్‌ను (చదరంగం ఆడే ప్రోగ్రామ్‌ను) మధ్యస్థాయిలో పెట్టి ఐదుసార్లు ఆడాను. మూడు గెలుపులు, రెండు డ్రాలు. ఆ రెండింటిలోనూ జి బంటు కోసం గుర్రాన్ని బలిచ్చింది!

గడి రంగు తేల్చుకోవడానికి నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్న లెక్క: ఎ అంటే 1, హెచ్ అంటే 8, అక్షరం సంఖ్యను వరుస సంఖ్యతో కూడితే సరిసంఖ్య వస్తే నల్ల గడి. తెల్లపావులకు ఎ బంటైతే తెల్లగళ్ల శకటు ఉండాలి, హెచ్ బంటైతే నల్లగళ్లది. చివరి మార్పిడికి ముందు ఇది చూడాలి, తర్వాత కాదు.

వచ్చే ఆదివారం మళ్లీ ఆయనతోనే. నల్లపావులు నావి.