శంకువు నీడతో మొదలయ్యే వేధశాల

విదేశాల్లో పెరిగే మన పిల్లల్లో చాలామందికి తెలుగు వినడానికి మాత్రమే పనికొచ్చే భాషగా మిగిలిపోతుంది. ఇంట్లో అమ్మానాన్న తెలుగులో అడుగుతారు, పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెబుతారు. వారాంతపు తరగతికి వెళ్తే అక్షరాలు వస్తాయి గానీ, ఆ అక్షరాలతో చేయాల్సిన పనంటూ ఏదీ ఉండదు. నాలుగైదు కుటుంబాలు కలిసి, ఇరుగుపొరుగు వాళ్లను కూడా కలుపుకుని ఆకాశాన్ని పరిశీలించే ఒక చిన్న వేధశాల కట్టుకుంటే అలాంటి పని ఏళ్ల తరబడి దొరుకుతుంది. కొలతలు తీయాలి, లెక్కలు వెయ్యాలి, జాగ్రత్తలు గట్టిగా అరిచి చెప్పాలి, చూసింది రాసిపెట్టాలి. కట్టడం సరిగ్గా కుదరకపోతే మాత్రం రెండో చలికాలానికే తాళం పడుతుంది. అందుకే కింద రాసిందాంట్లో ఎక్కువ భాగం కట్టడం గురించే.

స్థలం అనగానే అందరూ ముందు చీకటి గురించి ఆలోచిస్తారు. పిల్లలతో అయితే దూరం అంతకంటే ముఖ్యం. ఆకాశపు చీకటిని 1 నుంచి 9 దాకా వర్గీకరించే బోర్టిల్ స్కేలు మీద 3 దగ్గరుండే చోటు రెండు గంటల ప్రయాణమైతే, మొదటి ఉత్సాహం తగ్గాక ఎవరూ రారు. అరగంటలో చేరగలిగే 6 లేదా 7 స్థాయి చోటు మేలు. చంద్రుడు, గురుడు, శని, జంట నక్షత్రాలు, కృత్తికల్లాంటి గుచ్ఛాలు అక్కణ్ణుంచి బాగానే కనిపిస్తాయి. మసక గెలాక్సీలు మాత్రం వదులుకోవాలి. వీధిదీపం నేరుగా కంట్లో పడకూడదు, వాననీరు నిలవకూడదు, మరుగుదొడ్డి దగ్గర్లో ఉండాలి. చుట్టూ తారునేల ఉంటే పగలు పీల్చుకున్న వేడి రాత్రంతా పైకి లేచి, గ్రహబింబం వణుకుతూ కనిపిస్తుంది, కాబట్టి గడ్డినేల చూసుకోండి. బడి మైదానంలోనో గ్రంథాలయం వెనకో జాగా ఇస్తామంటే అనుమతి, బీమా, పిల్లల దగ్గర ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలన్న నియమం, ఈ మూడూ కాగితం మీదికి వచ్చాకే గునపం పట్టాలి.

మొదట చెయ్యాల్సింది ఉత్తర దిక్కు తేల్చుకోవడం. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. హైదరాబాదులో దానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూఇటూ, అందుకని మనకు అనుమానమే రాదు. సిడ్నీలో, న్యూజెర్సీలో అది 12 డిగ్రీల దాకా ఉంటుంది, పైగా పునాదిలో వేసిన ఇనుప కమ్మీలు ముల్లును ఇంకా పక్కకు లాగుతాయి. ఇక్కడ మన పాత సిద్ధాంత గ్రంథాల్లోని శంకువు (నీడ కొలిచే నిటారు కర్ర) పద్ధతి నిజంగానే పనికొస్తుంది. రసమట్టంతో సరిచూసిన పలక మీద ఒక మీటరు కర్రను గుండుదారం పట్టి నిటారుగా నిలబెట్టాలి. కర్ర మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయాలి. పొద్దున నీడకొన వృత్తాన్ని తాకి లోపలికి వెళ్లే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం బయటికి వచ్చే చోట ఇంకో గుర్తు పెట్టాలి. ఆ రెండూ కలిపితే తూర్పు పడమర గీత, దానికి లంబంగా గీసింది ఉత్తర దక్షిణ గీత.

పిల్లలు మొదటిసారి చేస్తే అర డిగ్రీకి పైనే తప్పు వస్తుంది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి మీటరు దూరాన నీడ అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది, ఎవరి గుర్తు వాళ్లది. కర్ర చివర చిన్న రేకు బిగించి దానికి సన్నని బెజ్జం పెడితే నేల మీద సూర్యుడి గుండ్రటి బొమ్మ పడుతుంది. దాని నడిబొడ్డున గుర్తు పెట్టడం తేలిక. ఒకటికి బదులు నాలుగు వృత్తాలు గీసి, నాలుగు గీతల సగటు తీసుకోండి. జూన్, డిసెంబరు నెలల చివరి వారాల్లో చేస్తే సూర్యుడి క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణదూరం) రోజులో మారే లోపం కూడా దాదాపు ఉండదు. ధ్రువ నక్షత్రం కనిపించని దక్షిణార్ధగోళంలో ఈ గీత ఇంకా విలువైనది, ఎందుకంటే అక్కడ ధ్రువం దగ్గరుండే నక్షత్రం ఊరి వెలుతురులో కంటికి ఆనదు.

టెలిస్కోపు నిలబడే స్తంభం మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. 75 సెంటీమీటర్ల చదరం, 120 సెంటీమీటర్ల లోతు గొయ్యికి 0.68 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది, బరువు 1.6 టన్నులు. ఈ లెక్క పన్నెండేళ్ల పిల్లలతో వేయించండి, కాంక్రీటు తెప్పించేది వాళ్ల అంకె ప్రకారమే అని ముందే చెప్పండి. గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో మంచు దిగే లోతు కంటే కిందికి వెళ్లాలి, లేకపోతే ప్రతి చలికాలం నేల ఉబ్బి స్తంభాన్ని ఒక పక్కకు ఎత్తుతుంది. పైన 200 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం చాలు. దాన్ని ఎండు ఇసుకతో నింపితే తగిలినప్పుడు మోగదు. పట్టు బోల్టులు కాంక్రీటులో దించేముందు గొట్టం అడుగు పళ్లెం బెజ్జాలకు సరిగ్గా ప్లైవుడ్ నమూనా కోసి, ఆ నమూనాలోంచే బోల్టులు దించాలి. తర్వాత బెజ్జాలు కలవక పళ్లాన్ని మళ్లీ కోయించుకునే వాళ్లు ఎందరో. మట్టం సరిచేయడానికి పళ్లెం కింద నట్ల మీద ఎక్కువ ఎత్తు వదిలితే అక్కడే ఊగుతుంది, 25 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు తీసుకోండి, మొదటి వారం తడుపుతూ ఉండండి. తడిపే వంతులు పిల్లలవే.

నేలపలకలు స్తంభాన్ని ఎక్కడా తాకకూడదు. చుట్టూ 25 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఎలుకలు దూరకుండా మెత్తటి బ్రష్ పట్టీ పెట్టాలి. పరీక్ష సులువు: 100 రెట్లు పెద్దది చేసి ఒక నక్షత్రం చూస్తుండగా పక్కన పిల్లలను గెంతమనండి. నక్షత్రం కదిలిందంటే ఎక్కడో అంటుకుంటోంది.

గుండ్రటి గుమ్మటం ఫొటోలో బాగుంటుంది గానీ పిల్లలకు జరిగే కప్పే మేలు. గుమ్మటంలో సందులోంచి ఒక ముక్క ఆకాశమే కనిపిస్తుంది. కప్పు జరిపేస్తే టెలిస్కోపు చూస్తున్న చోటు మొత్తం ఆకాశంలో ఎక్కడుందో పిల్లలకు తెలుస్తుంది, లోపలి వేడీ త్వరగా పోతుంది. 4 మీటర్లకు 5 మీటర్ల గది అయితే జరిగిన కప్పు నిలబడటానికి ఇంకో 5 మీటర్ల పట్టాలు కావాలి. స్థలం కొలిచేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే. ఉత్తరార్ధగోళంలో కప్పును ఉత్తరానికి, దక్షిణార్ధగోళంలో దక్షిణానికి జరపండి, ఆ దిక్కు దిగంతం మనకు తక్కువ అవసరం. రెండు పట్టాల మీదా గాడి చక్రాలు పెడితే, ఎండకు ఇనుము సాగినప్పుడు గానీ పట్టాల మధ్య దూరం కొద్దిగా తేడా వచ్చినప్పుడు గానీ కప్పు అడ్డంగా బిగుసుకుంటుంది. ఒక పట్టాకు గాడి చక్రాలు, రెండోదానికి చదును చక్రాలు పెట్టండి. మూసిన కప్పును గాలి పైకి లేపకుండా ఎనిమిది చోట్ల కొక్కేలతో బిగించాలి. మోటారు ఉన్నా చేత్తో తిప్పే విన్చి కూడా ఉండాలి. టెలిస్కోపు పడుకున్న స్థితిలో ఉంటేనే కప్పు కదిలేలా ఒక స్విచ్చి పెట్టండి, లేకపోతే ఒక రాత్రి కప్పు వచ్చి గొట్టాన్ని ఢీకొంటుంది.

చక్రాల దగ్గర పిల్లల వేళ్లు నలిగే ప్రమాదం నిజమైనది. చక్రాలకు రేకు కవచాలు, పట్టాల కింద కంచె తప్పనిసరి. కప్పు కదిలే ముందు ఒక పిల్లో పిల్లాడో "కప్పు కదులుతోంది, చేతులు తియ్యండి!" అని అరవాలి, మిగతావాళ్లంతా "తీశాం!" అన్నాకే విన్చి తిప్పాలి. తెలుగు రాని పొరుగు పిల్లలు కూడా ఈ రెండు మాటలూ వారంలో పట్టేస్తారు, దాంతో మన పిల్లలకు తెలుగు నలుగురిలో మాట్లాడే భాష అవుతుంది.

గోడల ఎత్తు మీ అక్షాంశం తేలుస్తుంది. హైదరాబాదు ఆకాశంలో ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, లండన్‌లో 51 డిగ్రీలు దాటుతుంది, మెల్బోర్న్‌లో కనిపించదు. జ్యేష్ఠ హైదరాబాదులో 46 డిగ్రీల దాకా ఎక్కుతుంది, లండన్‌లో 12 దగ్గరే ఆగుతుంది. అంటే అక్కడ దక్షిణపు గోడ పైభాగం కిందికి మడిచేలా ఉండకపోతే పిల్లలు జ్యేష్ఠను ఎప్పటికీ చూడరు. అగస్త్య నక్షత్రమైతే ఉత్తర అక్షాంశం 37 డిగ్రీలు దాటితే దిగంతం పైకే రాదు. హైదరాబాదులో తాతయ్య 20 డిగ్రీల ఎత్తులో చూసే ఆ నక్షత్రం మెల్బోర్న్ మనవరాలికి 75 డిగ్రీల ఎత్తులో వెలుగుతుంది, లండన్ మనవడికి లేనే లేదు. ధ్రువ నక్షత్రం ఎత్తు మీ అక్షాంశమే. మిగతా రెండు నక్షత్రాల అంకెలు, ఉత్తరార్ధగోళంలో అయితే అక్షాంశం, క్రాంతి కూడి, దక్షిణార్ధగోళంలో అయితే వాటి తేడా తీసుకుని, 90 లోంచి తీసివేసే లెక్కలే, పదేళ్ల పిల్లలు వెయ్యగలరు. ముగ్గురూ ఒకే చంద్రుణ్ణి గీసి పంపుకుంటే మెల్బోర్న్ బొమ్మ తలకిందులుగా వస్తుంది. ఎందుకో పెద్దవాళ్లు వెంటనే చెప్పెయ్యకండి.

స్తంభం మీద 200 మిల్లీమీటర్ల ష్మిట్-కాసెగ్రెయిన్ (అద్దాలు, కటకం కలిసిన పొట్టి గొట్టపు టెలిస్కోపు) పెట్టుకుంటే చాలా ఏళ్లు సరిపోతుంది. 2032 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) తగిలిస్తే 81 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. దాని పక్కనే నేల మీద 200 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ (చెక్క పీఠం మీద చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోపు) ఉండాలి, పిల్లలు స్వయంగా వెతికి పట్టుకోవడానికి అదే సరైంది. వేదాంత సన్యాసిగా ఉన్న కాలంలోనే టెలిస్కోపులు చెయ్యడం మొదలుపెట్టిన జాన్ డాబ్సన్, 1968 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో కాలిబాటల మీద దారిన పోయేవాళ్లకు ఆకాశం చూపించింది ఈ తరహా టెలిస్కోపుతోనే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, కొన్ని టెఫ్లాన్ ముక్కలు, గరుకు లామినేట్ పలక ఉంటే పీఠం మనమే చేసుకోవచ్చు. పిల్లల మెట్టుపీటకు చేత్తో పట్టుకునే కమ్మీ బిగించండి. అది లేకపోతే తూలినప్పుడు టెలిస్కోపునే పట్టుకుంటారు. "కనిపించిందా?" అని అడగకండి, మొహమాటానికి అందరూ ఊఁ అంటారు. "గురుడి పక్కన ఎన్ని చుక్కలున్నాయి, ఏ వైపు ఎన్ని?" అని అడగండి.

చంద్రుడితో చేసే పని మన పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ ఇస్తుందని గట్టిగా నమ్ముతాం. చంద్రుడు నక్షత్రాల మధ్య రోజుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు, ఒక నక్షత్ర భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు. దీనితోనే రోహిణి దగ్గర్నుంచి పునర్వసు దాకా చంద్రుడి నడకను పిల్లలు కొలవగలరు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం, కాబట్టి సరిగ్గా సగం చంద్రుడు అష్టమి నడిమధ్యన వస్తాడు. శుక్లపక్ష అష్టమి అయితే ఆ మధ్యాహ్నం వడ్రంగి మూలమట్టం అంచు మీద ఒక గుండుసూది గుచ్చి, దాని నీడ ఆ అంచు వెంబడే పడేలా పట్టుకుంటే రెండో అంచు చంద్రుడి వైపు చూపాలి. సూర్యుణ్ణి చూడాల్సిన అవసరమే రాదు.

పంచాంగంలో తేదీలు దేశాన్ని బట్టి ఎందుకు మారతాయో కూడా ఇక్కడే తేలుతుంది. తిథి ముగిసే క్షణం భూమి అంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఎక్కడికక్కడ వేరు. భారత కాలమానంలో శనివారం పొద్దున 9 గంటలకు ముగిసే తిథి, చలికాలపు న్యూయార్క్‌లో శుక్రవారం రాత్రి 10:30కే అయిపోతుంది. అందుకే భారత్‌లో శనివారపు సూర్యోదయానికి ఉన్న తిథి న్యూయార్క్‌లో శుక్రవారానిది. ఎవరో ఒకరు జాతకాలు చూస్తారా అని అడుగుతారు. ఇక్కడ ఆకాశం కొలవడమే జరుగుతుందని మర్యాదగా, మొదటిసారే చెప్పండి.

పని మధ్యలో పిల్లల తెలుగును సరిదిద్దకండి. స్పానర్ ఇవ్వమని అడగడంలో వ్యాకరణం తప్పినా స్పానర్ ఇవ్వండి, అంతే. దిద్దుబాటు పరిశీలన పుస్తకం దగ్గర చెయ్యొచ్చు. తేదీ, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక) సమయం, మబ్బు, గాలి నిలకడ, ఐపీస్, బొమ్మ, రెండు వాక్యాల వర్ణన అందులో ఉండాలి. రాయలేని పిల్లలు చెబితే పెద్దపిల్లలు రాస్తారు. 48.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉండేవాళ్లకు జూన్‌లో పూర్తి చీకటే రాదు, అప్పుడు పగటి సూర్యుణ్ణి చూడండి. సూర్యకాంతిని తగ్గించే వడపోత (ఫిల్టరు), టెలిస్కోపు ముందుభాగం మొత్తం కప్పేది అయి ఉండాలి, ఐపీస్‌కు బిగించేది పగిలి కన్ను పోతుంది. ఫైండర్ (గురి చూసే చిన్న దూరదర్శిని) తీసి పక్కన పెట్టాలి. 1840ల మొదట్లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం అక్కణ్ణుంచి చూశారు. మన పిల్లలకు 2032 నవంబరు 13న బుధుడి వంతు వస్తుంది. యూరప్‌లో, ఆసియాలో ఉన్నవాళ్లు సెకన్లతో సహా సమయం నమోదు చెయ్యొచ్చు, ఉత్తర అమెరికాలో దాదాపు అంతటా అది రాత్రి.

తెరిచాక పాడయ్యేవన్నీ చిన్నవే. మంచు పడి అద్దం మసకబారుతుంది. గొట్టం ముందు వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడుగు తొడుగు, చుట్టూ 12 వోల్టుల వేడి పట్టీ పెట్టండి. గుడ్డతో తుడవకండి. తేమకు కటకాల మీద బూజు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, పిడుగులకు మౌంటు (టెలిస్కోపును మోసి తిప్పే యంత్రం) బోర్డు కాలుతుంది. వెళ్లేటప్పుడు ప్రతి కేబులూ ఊడదియ్యాలి. ఎర్రదీపాలకు కూడా బల్బు కాంతి తగ్గించాలి, చీకటికి అలవాటు పడిన కన్ను ఒక్క ఫోను తెరతో ఇంకో 20 నిమిషాలు వెనక్కి పోతుంది. తాళంచెవులు మూడు కుటుంబాల దగ్గర ఉండాలి. పద్నాలుగేళ్లు వచ్చిన ప్రతి ఒక్కరూ కప్పు తెరవడం, మూయడం పెద్దవాళ్ల ఎదుట చేసి చూపించి సంతకం పెట్టాలి. వాళ్లు పై చదువులకు వెళ్లే ఏడాది ముందే తర్వాతి ఇద్దరికి అదే పని నేర్పి వెళ్లాలన్నది నిబంధనల్లో రాసుకోండి.