నా స్కానర్‌కు పడ్డ 43 వేలు

దేవరకొండ బస్టాండుకు దగ్గర్లో నాదో చిన్న షాపు. జిరాక్స్, రీచార్జ్, మనీ ట్రాన్స్‌ఫర్. ఏటీఎంలో డబ్బుల్లేని రోజు జనం మా దగ్గరికే వస్తారు. స్కానర్‌కు కొడితే క్యాష్ ఇస్తాం, వెయ్యికి పది రూపాయలు మాకు. చుట్టుపక్కల చాలామంది చేసే పనే, తప్పని నాకెప్పుడూ అనిపించలేదు.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం మాస్కు పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. "అన్నా, అమ్మను నల్గొండ పెద్దాసుపత్రిల చేర్చినం. మా బావ కొడ్తడు, జర క్యాష్ ఇయ్యవా" అన్నాడు. నా స్కానర్‌ను ఫోటో తీసి ఎవరికో పంపాడు. ఐదు నిమిషాల్లో సౌండ్ బాక్స్ మూడుసార్లు మోగింది. 20 వేలు, 15 వేలు, 8 వేలు. నా 430 పట్టుకుని 42,570 లెక్కపెట్టి చేతిలో పెట్టాను. మంచినీళ్లు అడిగితే గ్లాసుతో ఇచ్చాను. నోటుబుక్కులో మూడు ఎంట్రీలు రాసి పక్కన "ఆసుపత్రి అబ్బాయి" అని పెట్టుకున్నాను. డబ్బు పంపినవాళ్ల పేరు ఫోన్లో కనిపిస్తూనే ఉంది, ఎవరో ఆవిడది. బావ అన్నాడు కదా అన్న ఆలోచన రావాల్సింది. రాలేదు.

మూడో రోజు రీచార్జ్ డీలరుకు డబ్బు పంపబోతే పోలేదు. బ్యాంకుకు వెళ్తే 43,000 మీద లీన్ పెట్టారన్నారు, అంటే ఆ డబ్బు నేను వాడుకోకుండా ఆపేశారు. ఎవరో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారట. అలా ఫోన్ చేస్తే డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోయిందో చూసుకుంటూ వచ్చి, చేరినచోట ఆపేస్తారని మేనేజరు చెప్పి, ఫిర్యాదు నంబరు చీటీ మీద రాసిచ్చాడు. ఆ ఫిర్యాదు వరంగల్ వైపు నుంచి వచ్చింది.

ఆ రాత్రి నిద్ర లేదు. పక్క షాపాయన "ఊకో, వాళ్లే మర్చిపోతరు" అన్నాడు. మా బామ్మర్ది అయితే "పో, కానీ కమీషన్ సంగతి ఎత్తకు" అన్నాడు. మా ఆవిడ ఒక్కతే అడిగింది, "ఆ డబ్బు పోయినామె ఎట్ల ఉందో" అని. నాకు మాత్రం అప్పుడు నా టెన్షనే నాది.

పొద్దున నేనూ 1930కి చేశాను. లావాదేవీల 12 అంకెల నంబర్లు అడిగి, మీ డబ్బు పోలేదు కాబట్టి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండన్నారు. స్టేషన్‌లో రైటర్ నేను చెప్పిందంతా విని, "నువ్వు ఇచ్చేది ఫిర్యాదా, సంజాయిషీనా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకూ తెలియలేదు.

బయట దరఖాస్తులు రాసే పెద్దాయన నా కథంతా విని "మానవతా దృక్పథంతో సహాయం చేయగా" అని మొదలుపెట్టాడు. చదువుకుంటే నాకే సిగ్గేసింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మా షాపులోనే కూర్చుని నేనే రాశాను: 43,000 వచ్చింది, 42,570 ఇచ్చాను, 430 నేను తీసుకున్నాను. దాచి లాభం కూడా లేదు, నోటుబుక్కులో ఉండనే ఉంది.

ఎస్సై చదివి ఒక్కటే అడిగాడు. "ఆడమనిషి పేరు మీద వస్తే బావ ఎట్లయితడయ్యా?"

జవాబు లేదు. ఆయన కూడా రెట్టించలేదు.

అసలు కేసు వరంగల్ వైపు స్టేషన్‌లో ఉంది కాబట్టి నా దరఖాస్తును అక్కడికి పంపుతామన్నారు. ముద్ర వేసిన కాపీ అడిగి తీసుకున్నాను. తర్వాత అన్నిచోట్లా నాకు పనికొచ్చింది ఆ కాపీయే, ఎవరూ పిలవకముందే వెళ్లానని తేదీతో సహా అందులో ఉంది.

మా షాపు సీసీ కెమెరా రికార్డయ్యే డీవీఆర్‌లో 15 రోజులు దాటితే పాతది చెరిగిపోతుంది. మేం చూసేసరికి ఇంకా ఉంది. కానిస్టేబులూ నేనూ ముందుకూ వెనక్కూ తిప్పుతూ చూశాం. అంతటా మాస్కే. "ఆగు" అన్నాడు కానిస్టేబుల్. నీళ్లు తాగడానికి వాడు మాస్కు కిందికి లాగాడు. రెండు సెకన్లు, అంతే. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కొత్త సాక్ష్యాల చట్టం, అంటే సాక్ష్య అధినియం, సెక్షన్ 63 కింద ఆ వీడియోకు నాతో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకున్నారు. నోటుబుక్కులో పేజీ కూడా తీసుకున్నారు.

నెల తర్వాత వరంగల్ వైపు నుంచి నోటీసు వచ్చింది. నోటీసు వస్తే ముందు సెక్షన్ చూడాలని అప్పటికి నేర్చుకున్నాను. కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 179 అయితే సాక్షిగా పిలిచినట్టు. నాకొచ్చింది 35(3), 2024 జూలైకి ముందు పాత చట్టంలో 41ఏ అనేవాళ్లు. అంటే నన్నూ అనుమానిస్తున్నారు. వకీలు ధైర్యం చెప్పాడు, "రమ్మన్నరోజు పోతే, కారణం రాయకుండ అరెస్టు చెయ్యరాదు. పోకుంటేనే ముప్పు."

తెల్లవారుజామున బస్సెక్కి, నల్గొండలో మారి, సూర్యాపేట మీదుగా వెళ్లాను. స్టేషన్‌లో బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, డబ్బు పోయినామె. రిటైరైన టీచరు. ట్రాఫిక్ చలానా అంటూ వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్, నొక్కిందట, అంతే. నేనెవరో తెలిశాక తిడుతుందనుకున్నాను. "వాణ్ని మీరు చూసిన్రా? ఎంత వయసుంటది?" అంది.

"ఇరవై, ఇరవై రెండు ఉంటయి టీచర్."

ఆమె ఇంకేం అడగలేదు. నాకు అరెస్టు భయం కన్నా ఆ పావుగంట ఎక్కువ కష్టమైంది.

మూడు గంటలు వాంగ్మూలం తీసుకుని పంపించారు. డబ్బు కోసం ఆమె కోర్టులో దరఖాస్తు వేసుకుంది. నాకు అభ్యంతరం లేదని రాసిచ్చాను. అదేదో గొప్ప మనసుతో కాదు. నా చేతిలోంచి పోయింది కూడా నిజం డబ్బే. కానీ కొట్లాడితే వకీలు ఫీజే దానికి మించేట్టుంది, పైగా ఆమె ముఖం చూశాక వాదన నోట్లోంచి రాలేదు. లోక్ అదాలత్‌లో ఆర్డరు వచ్చి, 43 వేలు ఆమె ఖాతాకు వెళ్లాయి. నా ఖాతా మీద లీన్ పోయింది.

వాడు ఇంకా దొరకలేదు. నోటుబుక్కు పేజీ కేసు ఫైల్లోనే ఉంది. దాని వెనుక వైపు నలుగురి ఉద్దెర లెక్కలున్నాయి. మళ్లీ స్టేషన్‌కు పోయి, రైటర్‌ను బతిమాలి ఆ వైపు జిరాక్స్ తీసుకొచ్చుకున్నాను.