చూపించు దేశము

ఎవరైనా పాస్టరు అయ్యగారు అమెరికాకో ఇంగ్లండుకో సేవకు వెళ్తున్నారంటే మా సంఘాల్లో వీడ్కోలు కూడిక తప్పదు. శాలువాలు కప్పుతారు, బైబిల్లో దేవుడు అబ్రాహామును (అప్పటికింకా అబ్రాము) పిలిచిన ఆదికాండము పన్నెండో అధ్యాయం మొదటి వచనం చదువుతారు. "నీవు లేచి నీ దేశమునుండియు నీ బంధువుల యొద్దనుండియు నీ తండ్రి యింటినుండియు బయలుదేరి నేను నీకు చూపించు దేశమునకు వెళ్లుము." మొన్నటి కూడికలో ఆ వచనం చదివిన పెద్దమనిషి, అదే ఊపులో, అయ్యగారికి వీసా ఎన్నేళ్లకు వచ్చిందో, అక్కడి సంఘం ఎలాంటి ఇల్లు ఇస్తోందో కూడా చెప్పి స్తోత్రం చెల్లించాడు. నాకు ఒళ్లు మండింది. వీసా రావడం మేలే, నేను కాదనను. కానీ "చూపించు" అన్న మాటను అంత తేలికగా దాటిపోతే ఎలా?

దేవుడు అబ్రాముకు ఊరి పేరు చెప్పలేదు. కనాను అన్న మాటే ఎత్తలేదు. కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక దాన్నే పట్టుకుని "ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను" అంటుంది. వెళ్లవలసిన చోటు దాచిన దేవుడు, విడవవలసినవి మాత్రం పేరుపేరునా చెప్పాడు. ముందు దేశం, తర్వాత బంధువులు, చివరికి తండ్రి ఇల్లు. వీధిలోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి నట్టింట్లోకి వస్తున్నాడు. నా ధ్యానంలో ఎన్నో ఏళ్లుగా ఆ మూడో మాట దగ్గరే ఆగిపోతున్నాను. బోధకుడికి తండ్రి ఇల్లు అంటే ఏమిటి? ఆయన భాషేనని నాకనిపిస్తుంది. సొంత గడ్డమీద ప్రసంగానికి నిలబడితే సామెత, కీర్తన, కంట నీరు తెప్పించే మాట అన్నీ నాలుక మీదే ఉంటాయి. పరాయి దేశంలో అదే మనిషి "క్షమాపణ" అన్న మాట పలకడానికి తడుముకుంటాడు. పదిమందికి గురువుగా ఉన్నవాడు మళ్లీ పలక పట్టాలి.

ఇక్కడ లూథరన్ మిషను మొదలుపెట్టిన అమెరికా బోధకుడు ఫాదర్ హయ్యర్ గారి గురించి మా గుంటూరు లూథరన్లకు చెప్పనక్కరలేదు. జూలై 31 వస్తే తలుచుకుంటాం, దండ వేస్తాం. వేసేవారిలో ఎంతమందికి తెలుసో గానీ, ఆయన పుట్టుకతో అమెరికావాడు కాడు. 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ట్‌లో పుట్టి, పసితనం పూర్తిగా తీరకముందే ఫిలడెల్ఫియా చేరాడు. అక్కడే బోధకుడై, గుర్రం మీద పెన్సిల్వేనియా పల్లెలు తిరిగాడు. భార్య పోయిన రెండేళ్లకు, 1841లో బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. ఇండియాకు అని తెలుసు, ఇండియాలో ఎక్కడికో తేలలేదు! సింహళంలో దిగి, తమిళ దేశం మీదుగా మద్రాసుకు, అక్కడినుంచి నెల్లూరుకు వచ్చి, గుంటూరు కలెక్టరు స్టోక్స్ పిలుపు అందుకుని 1842 జూలై 31న గుంటూరులో కాలు పెట్టాడు. చూపించు దేశం అంటే ఇదీ. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. జర్మన్, ఇంగ్లీషు వచ్చినవాడు తెలుగు దగ్గర దుబాసీ నోటితో మాట్లాడవలసి వచ్చింది. మధ్యలో అమెరికాకు తిరిగి వెళ్లినప్పుడు, యాభై దాటిన ఆ మనిషి బాల్టిమోర్‌లో కుర్రవాళ్ల పక్కన కూర్చుని వైద్యం చదివి మళ్లీ వచ్చాడు.

రెండేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గర పిట్స్‌బర్గ్‌లో నాలుగు నెలలున్నాను. గుంటూరుకు రాకముందు హయ్యర్ గారు సంఘం కట్టిన ఊరది. ఇంటి దగ్గరలో ఉన్నది కతోలిక గుడి. ఒక ఆదివారం వెళ్తే, పూజ చేస్తున్న ఫాదర్ గారు మన కృష్ణా తీరంవారు. చర్చిలో ఉన్నవారంతా ముసలివారు. తర్వాత పలకరిస్తే తెలుగు విని ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "ఇక్కడ నాకు జ్ఞానస్నానాలకంటే అంత్యక్రియలే ఎక్కువమ్మా," అన్నారు. ముందు బల్లమీద కూర్చునే ఒక అవ్వను చూపించారు. ప్రతి వారం ఆయన ప్రసంగంలో తనకు అర్థం కాని మాటలన్నీ చీటీ మీద రాసి ఆయన చేతిలో పెడుతుందట. "మొదటి ఏడు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు చీటీ రాకపోతే ఆమెకు ఒంట్లో ఎలా ఉందోనని నేనే ఫోను చేస్తున్నాను."

ఆ చీటీల దగ్గర నాకు అబ్రాము కనిపించాడు.

అక్కడ తెలుగు కుటుంబాలను పోగుచేసి తెలుగులోనే ఆరాధన జరిపే అయ్యగార్లు ఉన్నారు. మనవాళ్లకూ కాపరి కావాలి, తప్పు లేదు. నాకు గిట్టనిది, రెండేళ్లు అక్కడుండి, ప్రతి శీతాకాలం ఇక్కడి ఉజ్జీవ కూడికల ఫ్లెక్సీల మీద "అంతర్జాతీయ దైవజనులు" అని వేయించుకోవడం. "నీ నామమును గొప్ప చేయుదును" అన్నది దేవుడు. ఫ్లెక్సీలు వేసేవాడికి ఆ పని ఎవరు అప్పజెప్పారు? అయ్యా, వెళ్లండి. వెళ్లి, చీటీ రాసి ఇచ్చే ఒక్క అవ్వను సంపాదించుకోండి.

దేవుని మాట విని, తానున్న హారాను ఊరు విడిచేనాటికి అబ్రాముకు 75 ఏళ్లు. 1869లో, మనుషులు లేక రాజమండ్రి మిషనును వేరే మిషను వారికి అప్పగించబోతున్నారని తెలిసి, నేను వెళ్తానని మూడోసారి బయలుదేరినప్పుడు హయ్యర్ గారికి 76. ఆ వయసులో ఆయనకు పేరు కోసం చేయవలసింది ఏముంది? తిరిగి వెళ్లాక 1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు.

వచ్చే నెల మరొక అయ్యగారికి వీడ్కోలు ఉంది. వాక్యం నన్ను చదవమన్నారు. ఈసారి మొదటి వచనం దగ్గర ఆపను. పదో వచనం దాకా, ఆ చూపించిన దేశంలో కరువు వచ్చేదాకా చదువుతాను.