ఎడమ చెంప వయసు

మంగళవారం, రాత్రి 10:30

ఇవాళ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ జరగలేదు. ఆఫీసుకు వెళ్ళాను, వచ్చాను, మధ్యలో ఒక ఫోటో దిగాను. ఐడీ కార్డులు మారుస్తున్నారట. అందరినీ వరసగా తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోటో తీసి, ఎవరిది వాళ్ళకు చూపించి బాగుందా అని అడిగారు. బాగుందనే అన్నాను. సీట్లోకి వచ్చాక మెయిల్లో వచ్చిన కాపీని పెద్దది చేసి చూస్తే తెలిసింది, నా రెండు చెంపలదీ ఒకే వయసు కాదని.

కుడి చెంపది నా వయసే, 44. ఎడమ చెంపకు ఇంకో నాలుగైదేళ్ళు ఎక్కువే వేయొచ్చు. ఎడమ కంటి చివర గీతలు లోతుగా దిగాయి. చెంప ఎముక మీద మంగు కూడా ఆ వైపే ముదురుగా ఉంది. లైటు పడిన తీరు అనుకుని సరిపెట్టుకుందామంటే బాత్రూమ్ అద్దంలోనూ అంతే. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి తల ఎడమకు తిప్పితే, కిటికీ. తొమ్మిదేళ్ళుగా నాది ఆ సీటే. వెలుతురు బాగుంటుందని అడిగి మరీ సంపాదించుకున్నాను.

మా ఎదుటి సీటాయనకు అదే కిటికీ కుడి పక్కన పడుతుంది. నేనేమో పని మానేసి ఆయన కుడి చెంపను, ఎడమ చెంపను మార్చి మార్చి చూస్తున్నాను. కాసేపటికి ఆయనకు అనుమానం వచ్చి, "ఏమండీ, ఏమైనా అంటుకుందా?" అంటూ రుమాలుతో తుడుచుకున్నారు. ఏం లేదండీ అన్నాను. గడ్డం మాటున ఏమీ తెలియలేదు.

ఇందులో నాకు తెలియని సంగతేమీ లేదు, అదే బాధ. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫోటో వచ్చింది. 69 ఏళ్ళ డ్రైవరు, 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపాడు. కిటికీ వైపు ఉండే ఎడమ సగం ముఖం మందంగా, ముడతలు పడి, బుడిపెలు లేచి ఉంది. కుడి సగం చూస్తే అతని తమ్ముడేమో అనిపిస్తుంది. ఆ ఫోటో నేను ఎంతమందికి చూపించి ఉంటానో! చూపించేటప్పుడల్లా నా కిటికీ నా పక్కనే ఉంది.

గాజు చేసే మోసం ఏమిటంటే, ఎండలో మనకు చుర్రుమనిపించే కిరణాలను, అంటే యూవీబీని, అది చాలావరకు ఆపేస్తుంది. ఎండలోనే ఉండే ఇంకో రకం కిరణాలు, యూవీఏ మాత్రం దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. దానివల్ల చర్మం మండదు, ఎర్రబడదు, కాబట్టి అది తగులుతోందన్న సంగతే తెలియదు. కానీ యూవీబీ కంటే లోతుకు దిగి, చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్‌ను దెబ్బతీస్తుంది. కారు ముందు అద్దంలో రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది గనక అది యూవీఏను కూడా ఆపగలదు. పక్క అద్దాల్లో మామూలుగా ఆ పొర ఉండదు. ఏసీలో కూర్చున్నాం కదా, మనకు ఎండెక్కడిది అనుకున్నాను ఇన్నాళ్ళూ.

సన్‌స్క్రీన్ రాసుకోనా అంటే రాసుకుంటాను. బయటికెళ్ళే రోజున, గుర్తుంటే. చామనఛాయ వాళ్ళకు అంత అవసరం లేదన్న ధీమా కూడా ఒకటి ఉండేది. ఆ ధీమాలో సగం నిజం ఉంది. రంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చర్మానికి ముడతలు ఆలస్యంగా పడతాయి. కానీ మచ్చలు మాత్రం తేలిగ్గా పడి ఒక పట్టాన వదలవు. మంగునైతే కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా ముదురు చేస్తుంది. అందుకే రంగు కలిసిన సన్‌స్క్రీన్‌లు, ఐరన్ ఆక్సైడ్ ఉన్నవి, మంగుకు మేలని చెబుతారు. ఇన్ని తెలిసి, డ్రాయరు లాగి నా ట్యూబు తీసి చూస్తే దాని వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12ఎం అని ఉంది. తెరిచాక పన్నెండు నెలల్లో వాడేయాలని అర్థం. నేనెప్పుడు తెరిచానో దేవుడికే తెలియాలి. పిండితే నీళ్ళు వేరుగా, క్రీము వేరుగా వచ్చింది. చెత్తబుట్టలో వేశాను.

ఆ తర్వాత చేసింది రాసుకోవాలంటే సిగ్గుగా ఉంది. భోజనాల టైములో ఫోన్ తెరిచి సీరంలు వెతికాను. విటమిన్ సీ ఒకటి, మచ్చలకు ఒకటి, ఏదో యాసిడ్, కంటి కింద రాసుకునేది ఇంకోటి. కార్టులో నాలుగు చేరాక, డబ్బు కట్టబోతుండగా, ఆరేళ్ళ కిందటి నా ముఖం గుర్తొచ్చింది.

అప్పుడు 38. నలభై దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో ఒకే నెలలో అన్నీ మొదలుపెట్టాను. పొద్దున స్క్రబ్, రాత్రి యాసిడ్, దాని మీద రెటినాల్, అంటే విటమిన్ ఏ రకం క్రీము. మూడో వారానికి ముఖం ఎర్రగా కమిలిపోయి, నీళ్ళు తగిలినా మండేది. మెరుపు మాత్రం వచ్చింది, ఊడిపోయే ముందు పెయింటుకు వచ్చే మెరుపు లాంటిది. చర్మం డాక్టరమ్మ నా సంచీలోని సీసాలన్నీ టేబుల్ మీద పెట్టించి, లెక్కపెట్టి, "ముందు ఇవన్నీ ఆపేయండి" అన్నారు. మైల్డ్ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. ఆరు వారాల పాటు ఇంకేదీ ముట్టుకోకూడదు. ఇంత ఫీజు తీసుకుని ఈ మాత్రమేనా అనిపించింది అప్పుడు.

ఆవిడ చెప్పిన గోడ కథ ఒక్కటి మాత్రం బాగా గుర్తుండిపోయింది. చర్మం పైపొరలో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సెరమైడ్లనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సిమెంటులా పట్టి ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాసేది ఈ గోడే. నేను చేసిందల్లా నున్నగా చేద్దామని గోడను రోజూ గీకడం. మామూలు సబ్బు కూడా ఆ సిమెంటును కొంత లాగేస్తుంది. చర్మం కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటే, సబ్బుది 9 నుంచి 10. కడుక్కోగానే ముఖం బిగుసుకుపోయి గీసుకుంటే తెల్లటి చార పడితే, శుభ్రమైందని మురిసిపోయేదాన్ని. అది ఎండిపోవడమట. కింద పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి యవ్వనంలో దాదాపు 4 వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. కాబట్టి వారంలో ఫలితం అని డబ్బా మీద ఏం రాసి ఉన్నా, గోడ తన టైము తను తీసుకుంటుంది. నా ముఖానికి రెండు నెలలు పట్టింది. చేత్తో తాకితే నాకే ఆశ్చర్యమేసింది, అంత మెత్తగా ఉండింది. ఏమీ చేయకపోవడం వల్ల వచ్చిన మెత్తదనం!

కార్టు ఖాళీ చేసి ఒక్క సన్‌స్క్రీన్ మాత్రం కొన్నాను. ఎస్‌పీఎఫ్, అంటే యూవీబీ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే నంబరు, 30 అయినా 50 అయినా తేడా కొంచెమే, మొదటిది యూవీబీని 97 శాతం ఆపితే రెండోది 98. యూవీఏను కూడా ఆపుతుందా లేదా అన్నదే చూడాలి, నాలాంటి కిటికీ మనుషులైతే మరీ. అసలు కిటుకు ఎంత రాస్తున్నామన్న దాంట్లో ఉంది. ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి ఆ నంబరు ఇస్తారు. మనం అందులో సగం కూడా పూయం. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు చారలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. బయట తిరిగేటప్పుడైతే రెండు గంటలకోసారి మళ్ళీ. ఆఫీసులో అంత నావల్ల కాదు. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, ఇదీ నాతో నేను కుదుర్చుకున్న రాజీ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ కాళ్ళు గోక్కుంటూ కూర్చుంది. మోకాళ్ళ కింద ఎముక పొడుగునా చర్మం ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చింది. మళ్ళీ సలసల కాగే నీళ్ళు పోసుకున్నావా అంటే, "గోరువెచ్చటి నీళ్ళు ఒక స్నానమేనా" అంది. 71 ఏళ్ళ మనిషి, అసలే ఒంట్లో జిడ్డు తయారవడం తగ్గిపోయి ఉంటే, ఉన్న కాస్తా వేణ్ణీళ్ళతో కడిగేసుకుంటుంది. ఒళ్ళు పూర్తిగా ఆరకముందే, ఆ తడి మీదే మాయిశ్చరైజర్ రాస్తే తేమ లోపల నిలుస్తుందని వందసార్లు చెప్పాను. ఇవాళ ఇక చెప్పకుండా తడిబట్టతో కాళ్ళు తుడిచి నేనే రాశాను. కాళ్ళయ్యాక చేతులు.

మోచేతి కింద, పైకి కనిపించే వైపంతా గోధుమ రంగు మచ్చలు, సన్నటి ముడతల వల. చెయ్యి పైకెత్తి జబ్బ లోపలి వైపు రాయబోయి ఆగిపోయాను. అక్కడ ఒక్క మచ్చ లేదు. పలచగా, వదులుగా ఉంది, కొలాజెన్ ఏటా దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది మరి, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ నున్నగా, లేత రంగులో, పట్టు గుడ్డ తాకినట్టుంది. అదీ 71 ఏళ్ళ చర్మమే. దానికి ఏ క్రీమూ రాయలేదు, ఏ సీరమూ పడలేదు. చీర కొంగు కింద, చంక పక్కన, నీడలో బతికిందంతే. రెండు చర్మాల మధ్యా జానెడు దూరం లేదు.

"ఏమిటే అలా చూస్తున్నావు?" అంది అమ్మ.

"ఇక్కడ నీకు ముడతలు లేవమ్మా."

"అక్కడ లేకపోతే ఎవరికి కనిపించాలి! ముఖం మీద లేకుండా ఉండాలి గానీ," అని నవ్వి, చెయ్యి లాక్కుంది.

రాత్రి అమ్మాయి వచ్చింది, తన కోరికల జాబితాతో. దానికి 14. రెటినాల్ కావాలట, కొలాజెన్ క్రీము కూడా. క్లాసులో ఇద్దరు వాడుతున్నారట. ముడతలెక్కడున్నాయే చూపించు అంటే, "రాకముందే వాడాలమ్మా" అని నాకు పాఠం చెప్పింది.

కొలాజెన్ క్రీము సంగతి తేలిగ్గానే తేలిపోయింది. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు, 500 డాల్టన్లు దాటినవి చర్మం గోడ దాటి వెళ్ళడం చాలా కష్టం. కొలాజెన్ అణువు దాదాపు 3 లక్షల డాల్టన్లు. పిల్లి దూరే కంతలోంచి ఏనుగును తోయడమే అన్నాను. "మరి ఎందుకమ్ముతారు?" అంది. పైన తేమ నిలిపి కాసేపు నునుపుగా కనిపించేట్టు చేస్తుంది, ఆ పని నీ మామూలు మాయిశ్చరైజరూ చేస్తుంది అన్నాను.

రెటినాల్ దగ్గర అంత తేలిగ్గా గెలవలేదు, ఎందుకంటే దాని అన్న లాంటి ట్రెటినాయిన్ నా బీరువాలోనే ఉంది. అది మొదట మొటిమల మందు. వాడిన పెద్దవయసు ఆడవాళ్ళు గీతలు కూడా తగ్గాయంటుంటే, అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు ఎండకు ముదిరిన చర్మం మీద దాన్ని పరీక్షించి 1986లో ఫలితాలు ప్రకటించాడు. నిజంగా పనిచేసే కొద్దివాటిలో అదొకటి. నేనూ డాక్టరమ్మ రాసిస్తేనే, వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత వాడతాను. మొదట్లో చర్మం పొలుసులుగా ఊడుతుంది, గర్భవతులు వాడకూడదు, పగలు ఎండ జాగ్రత్త లేకపోతే ఇబ్బంది. పద్నాలుగేళ్ళ చర్మం తన పాత కణాలను తానే చక్కగా మార్చుకుంటోంది, దాన్ని తొందరపెట్టి ఏం సాధిస్తావు అన్నాను. మూతి ముడిచింది. అప్పుడు ఐడీ ఫోటో తీసి చూపించాను.

చాలాసేపు చూసింది. "ఇప్పుడు మొదలుపెడితే నీకు లాభం లేదా మరి?" అని అడిగింది, పాపం నిజంగా దిగులుపడి. ఆస్ట్రేలియాలో 55 లోపు వయసున్న 903 మంది మీద జరిగిన పరిశోధన గురించి చెప్పాను. కొందరిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతావాళ్ళను ఇష్టమొచ్చినప్పుడు రాసుకోమన్నారు. నాలుగున్నరేళ్ళ తర్వాత చూస్తే, రోజూ రాసుకున్నవాళ్ళ చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. 2013లో వచ్చింది ఆ నివేదిక. గుర్తుంటే రాసుకునే రెండో రకంలో నేనూ ఉన్నట్టే కదా అని అమ్మాయి వెంటనే పట్టేసింది.

రేపు కిటికీకి తెర అడుగుతాను. ఇవ్వకపోతే కుర్చీ తిప్పుకుంటాను, ఎదుటి సీటాయన ఏమనుకుంటారో మరి.

పడుకోబోయే ముందు అమ్మాయి ఫోన్ తెచ్చి నన్ను లైటు కింద కూర్చోబెట్టి, చెంప చెంపకూ ఒక ఫోటో తీసింది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ తీసి పోల్చి చూస్తుందట. సెల్ఫీ కెమెరాలో కుడి ఎడమలు తారుమారైపోతాయి, పేర్లు పెట్టి దాచు అన్నాను. నిద్రపోయాక దాని ఫోన్ ఛార్జింగ్‌కు పెడుతూ చూశాను. ఒకదానికి 'కిటికీ' అనీ, రెండోదానికి 'గోడ' అనీ పెట్టుకుంది.