బేతెస్దలో ఐదు మంటపాలు

యెరూషలేము పాతబస్తీలోకి తూర్పు వైపు సింహాల ద్వారం గుండా వెళ్తే, కొంచెం దూరంలోనే కుడిచేతి పక్కన పరిశుద్ధ అన్నమ్మ చర్చి ఉంటుంది. 12వ శతాబ్దంలో క్రూసేడర్లు కట్టించింది. లోపల ఎవరు పాడినా గొంతు చాలాసేపు గోడల మధ్యే తిరుగుతుంది. గుంటూరు నుంచి వెళ్లిన మా గుంపూ ఒక కీర్తన ఎత్తుకుంది. మనవాళ్లు మైకు లేకుండా ఇంత బాగా పాడతారని నాకు అక్కడే తెలిసింది.

ఆ ఆవరణలోనే లోతుగా తవ్విన గొయ్యి, విరిగిన స్తంభాలు, అడుగున కాస్త పాకుడు నీళ్లు. ఇదే బేతెస్ద కోనేరు. 38 ఏళ్లుగా జబ్బుతో పడి ఉన్నవాణ్ణి యేసు లేపి నడిపించాడని యోహాను సువార్త ఐదో అధ్యాయం చెప్పే చోటు.

పాస్టరుగారు రెయిలింగ్ పట్టుకుని వివరించారు. కోనేటికి ఐదు మంటపాలని యోహాను రాస్తే, అది మోషే ఐదు గ్రంథాలకు గుర్తుగా కల్పించిన మాటని కొందరు పండితులు కొట్టిపారేశారు. తవ్వితే పక్కపక్కనే రెండు కోనేళ్లు బయటపడ్డాయి. చుట్టూ నాలుగు మంటపాలు, మధ్య గట్టు మీద ఒకటి అనుకుంటే లెక్క సరిపోయింది. "కోనేరు నిజమైనప్పుడు అద్భుతం అబద్ధమెలా అవుతుంది?" అన్నారాయన. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు.

కోనేటి సంగతి వరకు నాకూ పేచీ లేదు. క్రీ.శ. 70లో రోమన్లు ఈ ఊరిని నేలమట్టం చేశారు. అంతకుముందు ఊరు ఎలా ఉండేదో ఆ సువార్త రాసినవారికో, వారికి చెప్పినవారికో బాగా తెలుసన్నమాట. అది చిన్న విషయం కాదు. 1961లో కైసరయలో, యేసుకు సిలువశిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు పేరు చెక్కిన రాయి దొరికింది. 2004లో మురుగు పైపు పని చేస్తుంటే, యోహానే చెప్పిన ఇంకో కోనేరు సిలోయము మెట్లు బయటపడ్డాయి. ఊరు ఉంది, అధికారి ఉన్నాడు, మెట్లు ఉన్నాయి. రాళ్లు చెప్పగలిగింది అంతవరకే. మా ఊరి రావిచెట్టు ఒక రాత్రి మాట్లాడిందని తాత చెబితే, చెట్టు ఇంకా ఉంది కాబట్టి మాటా నిజమే అంటామా?

పైగా ఇదే కొలత తిరగేస్తే మనకే చిక్కు. యేసు పుట్టినప్పటి జనాభా లెక్కను లూకా సువార్త సిరియా అధిపతి కురేనియు కాలానికి ముడిపెట్టింది. చరిత్రలో కనిపించే కురేనియు జనాభా లెక్క క్రీ.శ. 6 నాటిది. యేసు పుట్టినప్పుడు రాజని మత్తయి చెప్పిన హేరోదేమో క్రీ.పూ. 4లోనే పోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. ఈ తేదీలు పొసగలేదని మా గుంపులో ఎవరైనా పునరుత్థానాన్ని వదులుకుంటారా? నేనైతే వదులుకోను. మరి మంటపాల లెక్క కుదిరిందని నా నమ్మకం పెరగడమేమిటి?

ఇంకో తమాషా ఉంది. యేసు తర్వాతి కాలంలో రోమన్లు ఇక్కడే తమ వైద్యదేవుడికి గుడి పెట్టుకున్నారంటారు. పొంపేయా లూసీలియా అనే ఆవిడ మొక్కుగా సమర్పించిన పాలరాతి పాదం ఈ చోటే దొరికింది, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మొక్కుకున్నామె పేరు సహా రాతి మీద ఉంది. యోహాను చెప్పిన రోగికి పేరైనా లేదు. తవ్వకాల్లో దొరికిందే అద్భుతానికి రుజువైతే, ముందు ఆ రోమన్ దేవుడికి దణ్ణం పెట్టాల్సి వస్తుంది.

మెట్లెక్కుతూ ఈ మాటే పాస్టరుగారితో మెల్లగా అన్నాను.

"ఆధారం ఉంటే విశ్వాసానికి బలమే కదా, బ్రదర్?" అన్నారు.

"నాకు విశ్వాసం మా అమ్మ ప్రార్థన చూసి వచ్చింది అయ్యగారూ. రేపు ఇంకెవరో తవ్వి మంటపాలు నాలుగే అంటే దాన్నేం చేసుకోను?"

మోకాళ్ల నొప్పులతో మా వెనకే ఒక్కో మెట్టూ ఎక్కుతున్న పెద్దామె అంతా విన్నట్టుంది. "ఆ పాదం చేయించినామెకి కాలు తగ్గిందంటావా, బాబూ?" అని అడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోపే పాస్టరుగారు, "పదండమ్మా, సిలువ మార్గానికి టైమైపోతోంది" అంటూ ముందుకు నడిచారు.