తాళం చెవి నా దగ్గర ఉండాలంటే

మావాడు మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నేను దోసెలు వేస్తున్నాను. "అమ్మా, సైలెన్సర్ ఒకటి నేనే తయారు చేసుకుందామనుకుంటున్నా" అన్నాడు. మనకు సైలెన్సర్ అంటే బండి వెనకాల ఉండే గొట్టం. గరాజ్‌లో వాడి పాత మోటార్ సైకిల్ ఉంది, దానికేమో అనుకుని "చేసుకో నాన్నా, చెయ్యి మాత్రం కాల్చుకోకు" అన్నాను. వాడు స్టవ్ కట్టేసి, నన్ను కూర్చోబెట్టి, "బండికి కాదమ్మా, రైఫిల్‌కి. మోత తగ్గించడానికి దాని గొట్టం చివర బిగించేది" అన్నాడు.

అది 2023 సెప్టెంబరు. మేముండేది డాలస్‌కు ఉత్తరాన. ఆ ఏడాది మే 6న మాకు దగ్గర్లోనే, ఆలెన్‌లోని ఔట్‌లెట్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపాడు. 8 మంది పోయారు. వాళ్ళలో మన తెలుగమ్మాయి ఒకరు. ఇండియా వెళ్ళే ముందు మా వాళ్ళందరం సూట్‌కేసులు నింపుకునేది ఆ షాపుల్లోనే. ఆ తర్వాత నెలల తరబడి నేను ఏ షాపులోకి వెళ్ళినా ముందు బయటికి దారి ఎటుందో చూసుకునేదాన్ని. అలాంటి నాతో నా కొడుకు రైఫిల్ గురించి మాట్లాడుతున్నాడు.

రైఫిల్ ఉన్న సంగతి నాకు తెలుసు. వాడి కాలేజీ ఫ్రెండ్ వాళ్ళ నాన్నకు ఊరవతల పొలం ఉంది. టెక్సస్‌లో అడవి పందులు చేసే నష్టం అంతా ఇంతా కాదు, ఒక్క రాత్రిలో చేను చేనంతా తవ్వి పోస్తాయి. వాటిని కొట్టడానికి వీడూ వెళ్ళేవాడు. రైఫిల్ ఆ పొలంలో వాడి సొంత సేఫ్‌లోనే ఉండాలి, ఇంటికి రాకూడదు అన్నది మా మధ్య ఒప్పందం. అనంతపురం వైపు వేరుశనగ చేలల్లో పందుల బాధ పడే రైతుల గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను కాబట్టి ఆ మాత్రం ఒప్పుకోగలిగాను. ఇప్పుడు దీన్ని ఎలా ఒప్పుకోవాలో తెలియలేదు.

ఆ రాత్రి గట్టిగానే గొడవపడ్డాను. 2019లో వర్జీనియా బీచ్‌లో 12 మందిని చంపినవాడి పిస్తోలుకు ఉన్నది కూడా ఇదే కదా అన్నాను. వాడు ఎదురు వాదించలేదు. "తెలుసమ్మా, నీ భయం తప్పని నేననను" అన్నాడు. తర్వాత ఇన్నాళ్ళూ నాకు చెప్పని ఒక విషయం చెప్పాడు. కిందటి చలికాలంలో ఒకసారి చెవులకు మఫ్స్ పెట్టుకోకముందే పక్కన ఒకడు కాల్చాడట. రెండు రోజులు కుడి చెవిలో హోరు ఆగలేదట. "తాతయ్యకు వచ్చినట్టు నాకూ వస్తుందేమోనని నిద్రపట్టలేదమ్మా" అన్నాడు.

తాతయ్య అంటే మా మామయ్య గారు. బెజవాడ ఆటోనగర్‌లో 35 ఏళ్ళు లేతు మిషను మీద పని చేశారు. పక్క షెడ్డులో రేకుల మీద సుత్తి దెబ్బలు, ఎదురు షెడ్డులో గ్రైండింగ్, ఇటు లారీ ఇంజిన్ల రొద. చెవిలో దూది పెట్టుకోమని కూడా ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్ళు నిండేసరికి ఫోన్లో మాట వినిపించడం మానేసింది. మావాడు పుట్టిన దగ్గర్నుంచీ తాతయ్యతో అరిచే మాట్లాడాడు. వీడియో కాల్‌లో వీడు చెప్పిన కబుర్లు ఆయనకు సగమే చేరేవి, మిగతా సగం అత్తయ్య గారు చెవి దగ్గర చెప్పేవారు. వాడి భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాటి నుంచి చదవడం మొదలుపెట్టాను. నాకు భయం వేసిన వస్తువు గురించి నాకేమీ తెలియదు, తెలియకుండా వద్దంటే వాడు ఇంకోసారి నాకు చెప్పడు అనిపించింది. రైఫిల్ మోత సాధారణంగా 140 డెసిబెల్స్ పైనే ఉంటుంది. అంత మోత ఒక్కసారి తగిలినా చెవి పాడవచ్చు. ఈ పరికరం దాన్ని 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. సినిమాల్లో చూపించినట్టు చప్పుడే లేకుండా చెయ్యదు. రైఫిల్ తూటా సాధారణంగా ధ్వని కంటే వేగంగా పోతుంది కాబట్టి గాలిని చీల్చే చప్పుడు ఎలాగూ ఉంటుంది, దాన్ని గొట్టం చివర బిగించిన ఏ పరికరమూ ఆపలేదు. అందుకే ఇది ఉన్నా మఫ్స్ పెట్టుకోవాల్సిందే.

దీనికి 1909లో పేటెంట్ తీసుకున్నది హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికన్ ఇంజినీరు. ఆయన తండ్రి మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టినాయన. తుపాకుల మోత మధ్యే బతికి ఆ తండ్రి చివరికి చెవిటివాడయ్యాడు. కొడుకు బండి ఇంజిన్ల రొద తగ్గించే పనీ చేశాడు. అంటే దోసెలు వేస్తూ నేను అనుకున్న సైలెన్సరూ, వాడు అన్న సైలెన్సరూ అన్నదమ్ముల్లాంటివే.

చట్టం సంగతి ఇంకా పెద్దది. 1934లో అమెరికా వీటిని మెషిన్ గన్నులతో కలిపి ఒకే చట్టం కిందికి తెచ్చింది. ఒక్కొక్కదానికి 200 డాలర్ల పన్ను. ఆ రోజుల్లో అది సామాన్యుడు కట్టలేనంత సొమ్ము. 91 ఏళ్ళు ఆ అంకె మారలేదు. 2026 జనవరి 1 నుంచి మాత్రం వీటి మీద పన్ను సున్నా చేశారు. పన్ను పోయినా రిజిస్ట్రేషన్ పోలేదు. ఇంట్లో తయారు చేసుకోవాలనుకునేవాడు ముందు కేంద్ర ప్రభుత్వ ఆయుధాల విభాగానికి ఫారం 1 పంపాలి, ఫోటో, వేలిముద్రలు ఇవ్వాలి, స్థానిక పోలీసు అధికారికి ఒక కాపీ పంపాలి. అనుమతి చేతికి రాకముందు తయారీ మొదలుపెడితే పదేళ్ళ దాకా జైలు పడే నేరం. చేసింది తన సొంతానికే, అమ్మడానికి కాదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట్ల మామూలు జనానికి ఇవి అసలు నిషేధం. మా ఆడపడుచు ఉండేది న్యూజెర్సీలో. అక్కడికి కారులో వెళ్ళేటప్పుడు డిక్కీలో ఇది ఉండకూడదని నేను వాడికి ఇప్పటికీ ప్రతిసారీ చెబుతాను.

ఇక్కడ ఒక మాట మనవాళ్ళ కోసం చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద, హెచ్-1బి మీద, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. మన పిల్లలు వచ్చిన నెలకే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు పెడతారు. కాల్చింది అద్దె తుపాకీ అయినా, ఒక్క గంటే అయినా చట్టానికి అది లెక్కే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు తుపాకీ కొనుక్కోవచ్చు కానీ ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం అవుతుంది. పదిహేనేళ్ళ వీసా కష్టం ఒక ఫోటోతో పోగొట్టుకోవద్దు. దయచేసి మీ పిల్లలకు చెప్పండి.

మావాడు ఇక్కడే పుట్టాడు, మేమిద్దరం పౌరసత్వం తీసుకున్నాం. కాబట్టి ఆ చిక్కు మాకు లేదు. మాకు వచ్చిన చిక్కు తాళం చెవి దగ్గర.

నేను పెట్టిన షరతు ఒక్కటే. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఎవరికి వారు చేసుకున్నవే. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎవడో మాల్‌లోకి వస్తాడన్న భయం కంటే, నా ఇంట్లో నా పిల్లవాడికి ఒక చీకటి రాత్రి వస్తే అన్న భయమే ఎక్కువైంది. "నీకు మనసు బాగాలేని రోజున సేఫ్ తాళం తెచ్చి నా చేతిలో పెట్టాలి. కారణం అడగను. మళ్ళీ నువ్వు అడిగేదాకా ఇవ్వను" అన్నాను. వాడు సరేనన్నాడు. తర్వాత లాయర్‌ను అడిగి వచ్చి, "అమ్మా, సైలెన్సర్‌ను నా ఒక్కడి పేరు మీద రిజిస్టర్ చేస్తే సేఫ్ తాళం నీ దగ్గర ఉండకూడదు. నేను లేనప్పుడు అది నీ స్వాధీనంలో ఉన్నట్టే లెక్క, అప్పుడు నువ్వు నేరం చేసినట్టు అవుతుంది" అన్నాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటి తాళాల గుత్తి నాదే. నేను ముట్టుకోకూడని తాళం ఒకటి నా ఇంట్లో ఉండటం నాకు కుదరదు. దారి ఒకటే ఉంది. ట్రస్టు పెట్టి, దాని పేరు మీద రిజిస్టర్ చేసి, అందులో నేనూ బాధ్యురాలిగా చేరాలి. అలా చేరినవాళ్ళందరూ ఫోటో, వేలిముద్రలు ఇవ్వాలి. మావారు వారం రోజులు ముభావంగా ఉన్నారు. మన పేరు పోలీసుల దగ్గరికి మనమే పంపుకోవడమేమిటి అన్నది ఆయన బాధ. నాకూ అలాగే ఉంది. మా అమ్మమ్మ సంతకం రాక వేలిముద్ర వేసేది, వేసిన ప్రతిసారీ సిగ్గుపడి వేలిని చీర కొంగుకు తుడుచుకునేది. నేను పది వేళ్ళకూ సిరా పూసుకుని, ఒక్కొక్కటీ కార్డు మీద దొర్లించి వచ్చాను. గ్రీన్ కార్డుకు ఇచ్చాను, పౌరసత్వానికి ఇచ్చాను. వాటిలో దేనికీ ఇంత ఆలోచించి ఇవ్వలేదు.

2024 ఏప్రిల్‌లో ఫారం పంపే నాటికి మామయ్య గారు, అత్తయ్య గారు మా దగ్గరే ఉన్నారు. మావాడు గరాజ్‌లో చిన్న లేతు మిషను పెట్టుకున్నాడని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. మావారు జీవితంలో ఆకురాయి పట్టలేదు. ఆటోనగర్ పని తన కొడుక్కి వద్దనుకునే ఆయన చదివించారు. మనవడు దాని దగ్గరికి తనంతట తనే వచ్చాడు. సంగతంతా విని ఆయన అడిగింది ఒక్క మాట: "స్టాంపు వచ్చిందా?" దస్తావేజు లేకుండా స్థలంలో ఇటుక పెట్టని మనిషి ఆయన.

రాలేదు. వచ్చేదాకా ఆ పనికి ఒక్క ముక్క కొయ్యకూడదు. నెలన్నర ఆగాల్సి వచ్చింది. ఆ నెలన్నరలో తాతా మనవళ్ళు వేరే పనులు చేశారు. నా ఇడ్లీ స్టాండు మధ్య కడ్డీకి మర అరిగిపోతే కొత్తగా మర కోసి, పైన ఇత్తడి పిడి పెట్టారు. కుక్కర్ మూత పిడి, అత్తయ్య గారి చేతికర్ర కింది పొన్ను, అన్నీ కొత్తవయ్యాయి. తాతయ్యకు మిషను చప్పుడు వినపడదు. అందుకని ఆయన అరచెయ్యి మిషను బెడ్డు మీద ఆనించి, "టూలు వణుకుతోందిరా, వేగం తగ్గించు" అనేవారు. వీడి చెవికి తెలియకముందే ఆయన చేతికి తెలిసేది. సెలవు రోజున పొద్దున్నే గరాజ్‌లోంచి ఇద్దరి మాటలూ వినిపిస్తుంటే నేను కాఫీ తీసుకెళ్ళి అక్కడే ఇనప రజను మధ్య నిలబడిపోయేదాన్ని. ఆదివారం తెలుగు బడికి బలవంతాన తీసుకెళ్ళిన రోజుల్లో కూడా వీడు ఇన్ని తెలుగు మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

అనుమతి వచ్చిన రోజున మామయ్య గారు తనే కుర్చీ దూరంగా జరుపుకున్నారు. విజిటర్ వీసా మీద ఉన్న మనిషి దాన్ని ముట్టుకోకూడదని మావాడు ఎలా చెప్పాలా అని రెండు రోజులు నలిగిపోయాడు. "తాతయ్యా, మీరు..." అని మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి, "తెలుసురా, మీ అమ్మ చెప్పింది. నేను చూస్తా, నువ్వు చెయ్యి" అన్నారు. చూశారు కూడా, వెనక చేతులు కట్టుకుని, చివరిదాకా. పూర్తయ్యాక చట్టప్రకారం దాని మీద సీరియల్ నంబరు, చేసినవారి పేరు, ఊరు, రాష్ట్రం చెక్కాలి. చేసినవారంటే మా ట్రస్టు. ట్రస్టు పేరు మా ఇంటిపేరే. భూతద్దం పెట్టి ఆయన ఆ అక్షరాలు ఒక్కొక్కటే చదువుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆటోనగర్‌లో నేను ఎన్ని వేల పార్టులు చేశానో, ఒక్కదాని మీద కూడా మన పేరు లేదు" అన్నారు.

ఆయన వెళ్ళేముందు మావాడు ఆయన్ని చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి కొత్త మిషన్లు పెట్టించాడు, వాడి జీతంతో. ఇప్పుడు ఫోన్లో ఇద్దరూ అరవకుండానే మాట్లాడుకుంటారు.

నాకు ఈ రోజుకీ ఆ వస్తువు మీద ఇష్టం లేదు. పొలానికి ఒక్కసారి వెళ్ళాను. మఫ్స్ పెట్టుకుని, కారు దగ్గర నిలబడి విన్నాను. చప్పుడు తగ్గింది నిజమే, అయినా గుండె అదిరింది. మళ్ళీ వెళ్ళలేదు.

కిందటి నవంబరులో వాడి ఫ్రెండ్, ఆ పొలం వాళ్ళ అబ్బాయి, కారు యాక్సిడెంట్‌లో పోయాడు. అంత్యక్రియల నుంచి వచ్చిన రాత్రి మావాడు బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. జేబులోంచి సేఫ్ తాళం తీసి పోపుల పెట్టె పక్కన పెట్టి, పైకి వెళ్ళిపోయాడు. నేనేమీ అడగలేదు. తాళాన్ని నా గుత్తిలో వేసుకుని దేవుడి అలమరలో పెట్టాను. తెల్లవార్లూ వాడి గది తలుపు బయట చాప వేసుకుని పడుకున్నాను. పొద్దున తలుపు తీసి నన్ను చూసి, వాడూ అదే చాప మీద కూర్చున్నాడు.

ఏడు వారాలు అది నా గుత్తిలోనే ఉంది. సంక్రాంతికి ముందు ఒక ఆదివారం, ఇడ్లీలు తింటూ, "అమ్మా, తాళం" అన్నాడు. ముఖంలోకి చూశాను. చాలాసేపు చూశాను. వాడు చూపు తిప్పుకోలేదు. లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చాను.