వియత్నాం పౌరసత్వం: నా అనుభవం, అసలు తిప్పలన్నీ మన కాన్సులేట్ కౌంటర్ దగ్గరే

వియత్నాం అధ్యక్షుడి నిర్ణయపత్రం మొన్ననే చేతికొచ్చింది. ఆ వేడి మీదే రాసేస్తున్నాను. కోపం చల్లారితే మర్యాదగా రాస్తాను, అలా రాస్తే చదివేవాళ్లకి పనికొచ్చేది ఏమీ మిగలదు.

నాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత కంపెనీ పని మీద వియత్నాం దక్షిణాన ఉన్న మెకాంగ్ డెల్టాకి వచ్చి, ఇక్కడి అమ్మాయినే చేసుకుని, ఇక్కడే చెరువులు వేశాను. పౌరసత్వం ఎందుకు, శాశ్వత నివాస కార్డు చాలదా అని చాలామంది అడిగారు. ఇక్కడ విదేశీయుడి పేరు మీద భూమి వినియోగ హక్కు పత్రం ఇవ్వరండీ. చెరువులన్నీ మా ఆవిడ పేరు మీదే ఉన్నాయి. దానికి నాకేం బాధ లేదు, కానీ లోను కాగితాల మీద సంతకాలప్పుడల్లా నన్ను బయట బెంచీ మీద కూర్చోబెడుతుంటే ఎన్నాళ్లని ఊరుకోను?

తేలిగ్గా అయినవి ముందు చెప్పేస్తాను. పెళ్లయ్యాక భార్య పూచీ మీద టీటీ అనే తాత్కాలిక నివాస కార్డు ఇస్తారు. అలా మూడేళ్లు వరసగా ఉంటే శాశ్వత నివాస కార్డుకి పెట్టుకోవచ్చు, అదొచ్చాకే పౌరసత్వం మాట. మామూలువాళ్లయితే శాశ్వత నివాసం మీద ఐదేళ్లు ఉండాలి, భాష రావాలి, బతకడానికి ఆదాయం చూపించాలి. వియత్నాం పౌరుల భార్యకో భర్తకో ఈ మూడూ అక్కర్లేదు. ఫీజు 30 లక్షల డాంగ్‌లు, కంగారు పడకండి, మన డబ్బుల్లో పది వేలు చిల్లర. వియత్నమీస్ పేరు ఒకటి పెట్టుకోవాలి, మా అత్తగారు భోజనాల దగ్గరే ఖాయం చేసేశారు. పోలీసులు ఎంక్వైరీకి వచ్చి టీ తాగి వెళ్లారు.

మధ్యలో 2025 జూలై 1న ఇక్కడ 63 ప్రావిన్సులు, నగరాలను కలిపి 34 చేశారు, జిల్లాలే తీసేశారు. మా ఆవిడ కాగితాలన్నిటి మీదా పాత అడ్రసు. మళ్లీ మొదటికొస్తుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ పాతవి చెల్లుతాయన్నారు, బతికాం.

అదే రోజు నుంచి పౌరసత్వ చట్టంలో సవరణలు కూడా అమల్లోకి వచ్చాయి. హైదరాబాద్ నుంచి మా పెద్ద బావ వాట్సాప్‌లో ఒకటే పంపడం, "ఇక రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోవచ్చంటరా" అని. సగం చదివి పంపేవాళ్లతో వచ్చే చిక్కే ఇది. పాత పౌరసత్వం ఉంచుకోవడానికి అధ్యక్షుడు అనుమతివ్వాలి, పైగా అలా ఉంచుకోవడాన్ని ఆ పాత దేశపు చట్టం కూడా ఒప్పుకోవాలి. మన 1955 పౌరసత్వ చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఆ సడలింపు మనకి వర్తించదు, అంతే.

ఇక అసలు కథ. నా ఫైలు హనోయిలో న్యాయశాఖ దాకా వెళ్లింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇప్పుడు నీ పాత పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తెస్తే అధ్యక్షుడికి పంపే ఏర్పాటు చేస్తామని ఉత్తరం వచ్చింది. ఇక్కడి చట్టంలో వరస అదే. ఆ ఉత్తరం పట్టుకుని ఇక్కడి భారత కాన్సులేట్ కౌంటర్ దగ్గరికి వెళితే, ముందు వియత్నాం పాస్‌పోర్టు తెచ్చి చూపించు, అప్పుడు సరెండర్ సర్టిఫికెట్ (భారత పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చే కాగితం) ఇస్తాం అన్నాడు అక్కడి ఉద్యోగి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత మీద నా ఫోటో అతికించుకోవచ్చు.

నాకు హిందీ అంతంతమాత్రం. ఇంగ్లీషులో చెబుతుంటే అతను హిందీలోనే, అదీ క్యూలో అందరికీ వినపడేలా, "అమెరికా కోసం వదులుకున్నాడంటే అర్థం ఉంది, వియత్నాం కోసమా?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. చొక్కాకి చెరువు వాసన వస్తుందేమోనని అప్పటిదాకా లేని అనుమానం నాకు అక్కడ పట్టుకుంది. ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి కాను, ఇద్దరు పిల్లల తండ్రిని, నలుగురికి జీతాలిచ్చేవాణ్ణి. నా దేశాన్ని నేను తిట్టి వెళ్లట్లేదు, ఒక కాగితం అడుగుతున్నాను. అతనికి అది కాగితం కాదు, నా మీద తీర్పు చెప్పడానికి దొరికిన అవకాశం.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అదే పాట. ఒక ఏజెంటు అఫిడవిట్ ఒకటి రాయిస్తే చాలన్నాడు, డబ్బు తీసుకున్నాడు, అది దేనికీ పనికి రాలేదు. ఏజెంట్లకి తగలేయకండి.

చివరికి రాత్రిళ్లు కూర్చుని చట్టం నేనే చదివాను. సరెండర్ వేరు, రినన్సియేషన్ వేరు. మొదటిది ఇంకో దేశం పౌరసత్వం అప్పటికే వచ్చేసినవాళ్లకి. రెండోది 8వ సెక్షన్ కింద మనంతట మనం చేసే ప్రకటన, ఫారం 22, హోంశాఖ పౌరసత్వ వెబ్‌సైట్‌లో నింపాలి. ముందు ఇంకో దేశం పాస్‌పోర్టు చేతిలో ఉండాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. దాన్ని ప్రింటు తీసి, హనోయి ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, ఇక్కడి విదేశాంగ ముద్ర వేయించి, కౌంటర్ దాటి లోపలి ఆఫీసర్‌ని కలుస్తానని భీష్మించుకు కూర్చున్నాను. ఆవిడ మలయాళీ, నిదానంగా చదివి "ఇది ముందే ఎందుకు తీసుకోలేదు?" అని వాళ్లనే అడిగింది. కౌంటరాయన ముఖం చూడాల్సింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా ఆ సెక్షన్ అప్పజెబుతాను.

ప్రకటన రిజిస్టరైన క్షణం నుంచి మనం భారతీయులం కాదు, ఇక్కడి సంతకం అయ్యేదాకా వియత్నాం వాళ్లమూ కాదు. జేబులో నివాస కార్డు తప్ప పాస్‌పోర్టు ఉండదు. ఆ మధ్యలోనే మా నాన్నగారికి స్టెంట్ వేశారు. నేను వెళ్లలేదు, వీడియో కాల్‌లో చూశాను. అందుకే చెబుతున్నాను, ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేనప్పుడు ఈ అడుగు వేయకండి. నివాస కార్డుతో ఇంకో ఏడాది నడిపించుకోండి, కొంపలేం మునగవు.

ఇప్పుడు ఇక్కడి పాస్‌పోర్టు తీసుకోవాలి. అదొచ్చాక భీమవరం వెళ్లడానికి నేను ఈ-వీసా పెట్టుకోవాలట, మా అమ్మకి ఇది ఎలా చెప్పాలో తెలియట్లేదు. తర్వాత ఓసీఐ, అంటే వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి భారత్ ఇచ్చే జీవితకాల వీసా లాంటి కార్డు. రద్దయిన పాస్‌పోర్టు, రినన్సియేషన్ కాగితం రెండూ జాగ్రత్తగా దాచండి, అక్కడ అడుగుతారు.

మా పెదనాన్నగారి అబ్బాయి అప్పుడే ఫోన్ చేశాడు, పొలంలో నీ వాటా సంగతేంటని. ఓసీఐ వాళ్లు కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చేది వస్తుంది. అన్నయ్యా, ఇది చదువుతుంటే ఆశలు పెట్టుకోకు.